కోడ్ రాలేదు మేడమ్

జూన్ 17, మంగళవారం

బాబాయ్‌కీ పిన్నికీ నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ మీరూ బాగానే ఉన్నారని అనుకుంటున్నాను.

నేను స్క్రూగాణ్ణి. నంబర్ కొత్తది కదా, ఎవరో అనుకుంటావని చెప్తున్నా. ఫోన్ చెయ్యొచ్చు కదరా అంటావేమో. ఫోన్ పట్టుకుంటే నాకు గొంతు పెగలదు, నీకు తెలుసు. టైప్ చేస్తే ఆగి ఆగి రాసుకోవచ్చు. తప్పులుంటే సర్దుకుని చదువు.

నువ్వు వేరే కంపెనీకి వెళ్ళిపోయాక లిఫ్టుల పనిలో నాన్నకి జోడీ కుదరలేదు. ఇప్పుడు పైన మెషిన్ రూంలో నాన్న, కింద లిఫ్ట్ గుంతలో నేను. ఆపు అని నేను గట్టిగా అరవలేనని ఒక విజిల్ కొనిచ్చాడు. నిన్న అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ విజిల్ విని వాచ్‌మన్ అనుకుని గేటు దగ్గర చెత్త తియ్యలేదని నన్ను తిట్టింది. నేనే వెళ్ళి తీసేశాను.

అసలు విషయం రీఫండ్. జీతంలోంచి కంపెనీ ఎక్కువ పన్ను పట్టుకుందని, అది వెనక్కి రావాలని నువ్వే నాన్న కాగితాలు నింపి పంపావు కదా. ఏడాది దాటింది, ఇంకా రాలేదు. నాన్న ప్రతి సోమవారం డ్యూటీకి ముందు పన్ను ఆఫీసుకి వెళ్తాడు, తిట్టుకుంటూ వస్తాడు. పట్టుకునేటప్పుడు ఒక్క రోజు ఆగారా, ఇచ్చేటప్పుడు మాత్రం చేతులు రావు అంటాడు. ఇన్నాళ్ళు ఆ ఆఫీసులోనే పనిచేసుంటే ఈపాటికి ప్రమోషనైనా వచ్చేది అంటుంది అమ్మ.

నాకు తెలుసుకోవాలనిపించింది. అంత కోపం ఉన్న మనిషి సోమవారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎందుకు వెళ్తాడు? అందుకే నిన్న నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. వెనకే వెళ్ళాను.

పెద్ద హాలు. ఇనప కుర్చీలు, ఒకదానికొకటి బిగించి ఉన్నాయి, రెండింటికి బోల్టులు లేవు. కౌంటర్లో మేడమ్ నాన్నని చూడగానే రండి అని పేరు కూడా అడక్కుండా ఫైలు తెరిచింది. డబ్బులు సిద్ధంగానే ఉన్నాయట. బ్యాంకు ఖాతా మీదేనని ఖాయం చెయ్యడానికి ఫోన్‌కి ఒక కోడ్ వస్తుందట, అది చెప్తే చాలట. మేడమ్ బటన్ నొక్కింది. నాన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలే పనిచేస్తుందట ఆ కోడ్. పది నిమిషాలూ అయ్యాక, కోడ్ రాలేదు మేడమ్ అన్నాడు. అయితే వచ్చే సోమవారం రండి అందావిడ.

నేను కౌంటర్ అద్దంలోంచి మేడమ్ స్క్రీన్ చూశాను. కోడ్ వెళ్ళిన నంబర్ మొత్తం కనపడదు, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. అవి నీవి బాబాయ్. కాగితాలు నింపేటప్పుడు నీ నంబరే రాసినట్టున్నావు. ప్రతి సోమవారం కోడ్ నీ ఫోన్‌కే వస్తోంది. నాన్నకి ఈ సంగతి తెలీదనుకుంటా.

నాకిప్పుడు ఆ డబ్బు అవసరం. లిఫ్ట్ కంపెనీలన్నీ కలిసి నడిపే ట్రైనింగ్ సెంటర్లో సీటొచ్చింది. ఎనిమిదో తరగతి తప్పినా తీసుకుంటారు. జూలై పదిహేనులోపు ఫీజు కట్టాలి. ఆలస్యమైతే మళ్ళీ ఏడాదికే. కోడ్ చెప్పాక డబ్బు పడటానికి రెండు వారాలు పడుతుందని మేడమ్ చెప్పింది. నాన్న ఇంకెక్కడా అప్పు చెయ్యనంటున్నాడు, ఆ డబ్బే కట్టాలంటున్నాడు.

గొడవైన రోజు నువ్వు నాన్నని, వీడి చేతిలో పలక తీసేసి పానా పెట్టావు, నువ్వేం తండ్రివి అన్నావు. నాన్న నిన్ను, నీకు పిల్లలుంటే తెలిసేది అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. పిన్ని ఏడుస్తూ చెప్పులేసుకోవడం చూశాను. ఆ మాట నాన్న అనకూడదు. కానీ కోడ్‌కీ దానికీ సంబంధం లేదు కదా. వచ్చే సోమవారం పదకొండింటికి కోడ్ రాగానే నాకు పంపు. నాన్నకి చెప్పను.

మీ స్క్రూ

*

జూన్ 23, సోమవారం

బాబాయ్‌కీ పిన్నికీ మళ్ళీ నమస్కారాలు.

నువ్వు పంపిన కోడ్ అందింది. మేడమ్ బటన్ నొక్కిన నిమిషానికే వచ్చింది. పక్కన ఒక్క మాట కూడా లేకుండా ఆరంకెలు. చాలా సంతోషం.

కానీ పని అవలేదు. ఏం జరిగిందో చెప్తాను, నాకైతే అర్థం కాలేదు.

 హాల్లో అంతమంది ముందు నేను పైకి చదవలేను కదా, అందుకే నాన్న చొక్కా లాగి ఫోన్ చూపించాను. ఇదేంట్రా అన్నాడు. కోడ్, బాబాయ్ పంపాడు అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఫోన్ తీసుకుని కిందికీ పైకీ జరిపి చూశాడు. అంకెలేనా, ఇంకేమీ రాయలేదా అని అడిగాడు. రాయలేదన్నాను. బాగున్నావా అని కూడా లేదా అన్నాడు. లేదన్నాను.

ఫోన్ నా జేబులో పెట్టేసి మేడమ్‌తో, కోడ్ రాలేదు మేడమ్ అన్నాడు.

నాన్నా ఉంది కదా అన్నాను. నోర్ముయ్యరా అన్నాడు, మెల్లగానే. ఇంటికొచ్చేదాకా రీఫండ్‌ని తిట్టలేదు. ఎవర్నీ తిట్టలేదు. అమ్మ భయపడి జ్వరమా అని అడిగింది.

ఫీజు గడువు దగ్గరపడుతోంది. నాన్నకి ఏం కావాలో నువ్వు అన్నేళ్ళు పక్కన పనిచేశావు కాబట్టి నీకు తెలుస్తుందేమో. తెలిస్తే చెప్పు. పిన్నిని అడిగానని చెప్పు.

మీ స్క్రూ

తా.క. పైన రాసింది పంపకుండా ఆపాను. మధ్యాహ్నం పని అయ్యాక ఒక్కణ్ణే ఆఫీసుకి తిరిగి వెళ్ళాను. కౌంటర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాక నోరు తెరిచి అడిగాను, నంబర్ మార్చాలంటే ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్ అని. ఒక సంతకం, అయిదు నిమిషాల పని అంది. మీ నాన్నకి మొదటి రోజే చెప్పాను కదా బాబూ, ఆయనే వద్దన్నాడు అంది. అది మా తమ్ముడి నంబర్ మేడమ్, వాడికి నా మీద కోపం, వారానికోసారి ఇలాగైనా వాడి ఫోన్ మోగుతుంది, ఏంటన్నయ్యా ఇది అని ఒక్కసారైనా అడగడా అన్నాడట. మేడమ్ కూడా ఎదురుచూస్తోందట, ఈ వారమైనా ఆ తమ్ముడు ఫోన్ చేస్తాడా అని.

నాన్నకి అన్నీ తెలుసు బాబాయ్. ఫీజుకి డబ్బు అందాలంటే వచ్చే సోమవారమే ఆఖరు. ఈసారి కోడ్ నాకు పంపకు. పదకొండింటికి వస్తుంది, పది నిమిషాలుంటుంది. నాన్నకి ఫోన్ చేసి నువ్వే చదివి చెప్పు.