వేరుగా ఉంటున్న తేదీ

జూన్ 2, 2025, సోమవారం. ఉదయం 7.30

నిర్ణయం! ఇరవై ఐదో తేదీలోగా నా విడాకుల కాగితాలు నేనే తయారు చేసుకుని కోర్టులో వేస్తాను. వకీలు లేకుండా!

వకీలెందుకు? వనపర్తి కోర్టు దగ్గర టైపింగు, జిరాక్స్ కొట్టు నాది. కొట్టు వెనక గదిలోనే కాపురం, ఒక్కదాన్నే. వకీళ్లు చెబుతారు, నేను టైపు చేస్తాను. ఇద్దరూ ఒప్పుకుని వేసే విడాకుల పిటిషన్లే ఈ ఏడాది ముప్పై పైన. నిద్రలో లేపినా పేరాలు అప్పజెబుతాను. మా ఆయన నిరంజన్ కూడా ఫోన్లో "నీ ఇష్టం" అనేశాడు. ఇంకేం కావాలి?

కావలసినవి: పెళ్లిపత్రిక, పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్లు, ఇద్దరి సంతకాలు, ఏడాదికి పైగా వేరుగా ఉన్నామని ప్రమాణం.

చివరిదానికి ఢోకా లేదు. నిరుడు మే 18న నాకు అపెండిక్స్ ఆపరేషన్. మొగుడుగారు మల్దకల్‌లో చేను దగ్గర, బోరు బండి పక్కన. మే 20న దవాఖానకు వచ్చి, గుమ్మంలో నిలబడే "నీళ్లు పడ్డయి వనజా!" అన్నాడు. నేను డిశ్చార్జి కాగితం తీసుకుని తిన్నగా వనపర్తి బస్సెక్కాను. ఆ కోపం ఇంకా పచ్చిగానే ఉంది.

జూన్ 4, బుధవారం

పిటిషన్ పూర్తి! నలభై నిమిషాలు!! పాత ఫైలు తెరిచి పేర్లు మార్చాను, అంతే. చదివి చూస్తే నాలుగో పేజీలో నాకు ఇద్దరు పిల్లలు, కొత్తకోటలో కిరాణా కొట్టు. తీసేశాను. పిల్లల్ని తీసేసేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆగింది. మాకు లేరు. సరే, ముందుకు.

జూన్ 8, ఆదివారం. మల్దకల్

పత్రిక, ఫొటో అత్త పుష్పమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. నిరంజన్ చేనుకు పోయే వేళ చూసుకుని వెళ్లాను. పది నిమిషాల పని.

11.05 – "పత్రిక ఎందుకు బిడ్డా?" "ఆఫీసు పని అత్తా." "మంచిది. జర తిని పో, రొట్టెలు జేస్తున్న."

12.30 – నాలుగు జొన్నరొట్టెలు, పుంటికూర.

2.00 – బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, ఒళ్లో బియ్యం. విడాకుల కాగితాల కోసం వెళ్లి ఒడి నింపించుకుని వచ్చినదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఫొటో ఒక్కటే దొరికింది. బాసికాలు జారి కళ్ల మీదికొచ్చాయి, పైనుంచి తలంబ్రాలు. ఎవరూ గుర్తుపట్టేట్టు లేరు. ఎవరికి విడాకులమ్మా అని జడ్జిగారు అడిగితే?

జూన్ 11, బుధవారం

ఫోన్ చేశాను.

"సంతకాలకు రా."

"పత్తి ఇత్తనం ఏస్తున్నం. తీరిక లేదు."

"నేనైతే మీ ఊరికి రాను."

"మరి నడుమ కలుద్దాం. బీచుపల్లిల. శనివారం ఎట్లయినా దేవుని కాడికి పోయేదుంది."

న్యాయంగానే ఉంది. సంతకాలు పన్నెండు, పది నిమిషాలు.

జూన్ 14, శనివారం. బీచుపల్లి

నేను చేరేసరికి ఆయన అర్చన చీటీ పట్టుకుని క్యూలో ఉన్నాడు. ఇద్దరి పేర్లూ చెప్పాడు!

"గదేంది? నా పేరెందుకు జెప్పినవ్?"

"అలవాటయింది. నీ పేరు లేకుంట ఎట్ల జెప్పాల్నో తెల్వలే."

పూజారి దంపతులం కలకాలం చల్లగా ఉండాలని దీవించి, కొబ్బరి చిప్పలు నా సంచిలో వేశాడు. చిప్పల్లో నీళ్లు. సంచిలో పిటిషన్. అరుగు మీద కూర్చుని తీస్తే పన్నెండు పేజీలూ ముద్ద!

మళ్లీ ప్రింటు తీయాలి. "వనపర్తికి నేనే వస్త" అన్నాడు. ఇందులో తప్పు ఆయనది కాదు, కొబ్బరికాయది.

జూన్ 17 – టోనరు అయిపోయింది.

జూన్ 18 – టోనరు వచ్చింది. కళ్లు మంటలు. రేపు.

జూన్ 19 – కాలేజీ అడ్మిషన్ల గిరాకీ. నేనేం చేయను?

జూన్ 20, శుక్రవారం

3.00 – నిరంజన్ వచ్చాడు. చేతిలో మామిడిపళ్లు. "అమ్మ పంపింది."

3.15 – ప్రింటు మొదలు.

3.16 – కరెంటు పోయింది. వాన.

5.30 – వాన. లేచి బస్సుకు పోతానన్నాడు. "జర ఆగు, తడుస్తవ్" అన్నది నేనే. డైరీలో అబద్ధమెందుకు?

ఊరికే కూర్చుని ఉండలేక అడిగేశాను. "ఆ పొద్దు ఎందుకు రాలే నువ్వు?"

"నీళ్లు పడ్డ సంబురంల నువ్వు యాదికే రాలే వనజా. అబద్ధం జెప్పలేను. నీకు ఆపరేషన్ అయితుంటే నేను బురదల ఎగురుతున్న. ఏడాది సంది ఆ నీళ్లు చూస్తే సిగ్గయితుంది."

సాకులు చెబుతాడనుకున్నాను. ఒక్కో సాకుకూ ఒక్కో జవాబు ఏడాదిగా దాచుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. ఏడ్చేశాను.

జూన్ 21, శనివారం

ఏమీ రాయను.

జూన్ 22, ఆదివారం

మామిడిపళ్లు అయిపోయాయి. అంతే.

జూన్ 23, సోమవారం

10.00 – పన్నెండు సంతకాలూ అయ్యాయి! గడువుకు రెండు రోజుల ముందే!

10.20 – పక్క వకీలుగారి గుమాస్తా ఎల్లయ్య రోజూ మా కొట్లోనే టీ తాగుతాడు. కాగితాలు తిరగేసి ఆరో పేరా దగ్గర వేలు పెట్టాడు. ఏడాదికి పైగా వేరుగా ఉంటున్నాము, ఈ కాలంలో కాపురం చేయలేదు, ఇది మా సత్యప్రమాణం.

"అమ్మా, మూడొద్దుల సంది సారు ఈడనే కనబడుతుండు. ఈ పేరా నిజమేనా?"

నిరంజన్ పైకప్పు చూస్తున్నాడు. నేను ప్రింటరు చూస్తున్నాను.

ఆ పేరా ముప్పై సార్లు టైపు చేశాను, ఒక్కసారీ చదవలేదని ఇప్పుడే తెలిసింది. వకీలుంటే ఆయన మీదికి నెట్టేదాన్ని. రాసింది నేనే, ప్రమాణం చేసేదీ నేనే. అబద్ధపు ప్రమాణం చేయలేను.

"ఇప్పుడు ఏం జెయ్యాలె అన్నా?"

"ఏముంది? లెక్క మళ్ల మొదలు. ఇంకో ఏడాది ఏరుగ ఉండాలె."

జూన్ 24, మంగళవారం

కొత్త నిర్ణయం!

8.10 – ఆయన బస్సెక్కాడు. వేరుగా ఉంటున్న తేదీ: 24-06-2025. కోర్టులో వేసేది: 25-06-2026. నియమాలు: బీచుపల్లి వద్దు. మామిడిపళ్లు వద్దు. వానాకాలంలో సంతకాలు అసలే వద్దు.

8.30 – దండెం మీద ఆయన తువ్వాలు. పోస్టులో పంపేస్తాను.

11.50 – ఫోన్. "ఊళ్లె దిగిన. బోరు మోటరు కాలిందంట, అందరు పిలుస్తుండ్రు. ఇంక ఆడికి పోలే. ముందుగాల్ల నీకే జేస్తున్న. ఆపరేషన్ కాడ నొప్పి గిట్ల ఏం లేదు గద?"

కుట్లు మాని ఏడాదయింది. ఆ మాటే చెప్పబోయాను.

"జర ఉంది" అన్నాను.

"అయితే మర్ల బస్సెక్కుతున్న" అన్నాడు.

12.00 – పిటిషన్‌లో తేదీ కొట్టేశాను. ఇకమీదట అక్కడ పెన్సిలుతోనే రాయాలి. లెక్క రేపటి నుంచి. కచ్చితంగా!