ప్రచారం ఆఖరి రోజు

వెబుయే,
శనివారం రాత్రి.

నంజాలా వదినకు,

మీ చెల్లెలు నసిమియును ఈ రోజు సమాధి చేశాం. కాలు విరిగి మీరు మొంబాసాలోనే ఉండిపోయారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫోనులో ఈ మాటలు నా వల్ల కావు. పొద్దున పెట్టెను ఇంటి ముందు షామియానా కింద ఉంచాం. వాన పడలేదు. మంగళవారం ఓట్లు, ప్రచారానికి ఈ రోజే ఆఖరు. మన వైపు సమాధి చేసేదీ శనివారాలే. దాంతో నాయకులకు ఆఖరి సభ పెట్టుకోవడానికి మన ఇల్లు దొరికింది.

ఆస్పత్రిలో నసిమియు నన్ను ఒక్కటే అడిగింది. "మన పెళ్ళిలో మీ బాబాయి చేత మాట్లాడించావు. నన్ను సాగనంపేటప్పుడైనా నాలుగు మాటలు నువ్వే చెప్పాలి, ముసలోడా." సరేనన్నాను.

పాస్టరు తర్వాత నా వంతు. ఆయన ఆమెన్ అనగానే మన చిక్కుడు మడిలో హెలికాప్టరు దిగింది. షామియానా లేచిపోయింది. భోజనాలకు వండిన ఉగాలీ ముద్దల నిండా దుమ్ము. ఎంపీ గారు మైకు అందుకుని, "నసిమియు నాకు తల్లి లాంటిది" అన్నారు. ఆమె కంటే ఆయన ఆరేళ్ళు పెద్ద. "రోడ్డు వేయించింది నువ్వేనయ్యా అని ఎప్పుడూ మెచ్చుకునేది!" ఆ రోడ్డు మీదే ఆమె అంబులెన్సును ఎద్దులతో లాగించాం.

ఆయన మీద పోటీ చేస్తున్న లాయరు మైకు లాక్కున్నాడు. "అక్క ఓటు నాకే!"

"అబద్ధం! పోయిన ఆదివారమే నాకు మాటిచ్చింది!" అన్నారు ఎంపీ గారు.

పోయిన ఆదివారం ఆమెకు స్పృహ లేదు.

మీ నకుమిచా పిన్ని చేతికర్ర ఎత్తింది. "ఒరే, దాన్నే లేపి అడగండిరా! లేచిందంటే ముందు మీ ఇద్దరికీ నాలుగు తగిలిస్తుంది." జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆమె పోయాక అదే మొదటిసారి.

ఆ గొడవలోనే సాయంత్రమైంది. ఆరింటికి ప్రచారం గడువు. ఇంకో ఊళ్ళో ఇంకో పెట్టె ఉందని ఎవరో గుర్తు చేయగానే ఇద్దరూ పరుగు తీశారు. మొక్కజొన్న పిండి పంచుతారేమోనని సగం జనం వాళ్ళ వెంట పడ్డారు. పాస్టరు నన్ను పిలిచాడు. లేచాను. మైకు లేదు. అది ఎంపీ గారు పంపించిన సెట్టట. తీగలు చుట్టి వ్యానెక్కించేశారు.

"మైకెందుకు అల్లుడూ, నోరుందిగా!" అంది పిన్ని.

నోరు తెరిచాను. హెలికాప్టరు లేచింది. ఆ మోత తగ్గేసరికి, చీకటి పడుతోందని పాస్టరు తొందరపెట్టాడు. పెరట్లో తవ్విన గోతిలోకి పెట్టె దించేశారు.

పిల్లలకు చెప్పలేదు, మీకే చెబుతున్నాను. అప్పుడు నాకు కోపం రాలేదు వదినా, నలుగురిలో మాట్లాడే గండం గడిచిందనిపించింది. అందరూ నన్ను ఓదారుస్తుంటే సిగ్గేసింది.

రేపటి నుంచి నోరు విప్పి ఓటడిగితే నేరం. కాబట్టి మన పెరట్లోకి ఎవరూ రారు. పొద్దున్నే, చుట్టాలు లేవకముందే, ఆమె దగ్గర నిలబడి ఆ నాలుగు మాటలూ చెబుతాను. పిన్ని లేచినా ఫరవాలేదు, గట్టిగానే చెబుతాను.

మీ మరిది,
కుండు