మళ్ళీ కొనేది లేదు, అన్నా

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు వీడియో గేములు కొన్న ఆన్‌లైన్ స్టోర్ మూసేశారు. కొన్నవన్నీ ఇక మన పాత గేమ్ బాక్సులోనే ఉన్నాయి. నిన్న అదీ మొరాయించింది. ఊరిగాం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని రిపేరు షాపుకు తీసుకెళ్ళాను.

"దీన్ని పారేసి కొత్తది తీసుకోమ్మా. అవే గేములు ఇంగో స్టోర్‌లో మళ్ళా కొనొచ్చు," అన్నాడు షాపతను.

"మా అన్న ఒకసారి కొన్నాడప్పా. అవి మావి. మళ్ళా కొనేది లేదు. ఇది బాగయ్యేదాకా నేను యాడికీ పోను," అన్నాను.

సాయంత్రానికి బాగుచేసి ఇచ్చాడు. ఇంట్లో ఆన్ చేయగానే, నీ ఆటలను ఎప్పుడూ తిట్టే అమ్మ వచ్చి కంట్రోలర్ లాక్కుంది. తను ఆడించిన బొమ్మ మొదటి గుంతలోనే పడిపోయింది.

"అట్లా చూస్తావేమే? మళ్ళా పెట్టు," అంది.