మూడూ ఇరవై అయిదు

గోదావరిఖని, ఆదివారం

ఇరవై ఏళ్ళుగా ఇంట్లో నేనే తయారు చేసుకుంటూ వచ్చిన కంప్యూటర్ డిజైన్‌ను, ప్రోగ్రాములతో సహా ఇవాళ నెట్‌లో అందరికీ ఇచ్చేశాను.

పొద్దుటి నుంచి నా స్నేహితుడు ఖాజా, నేను ఒక్కో భాగానికీ వివరణలు రాశాం. మొదటి బోర్డుకు వాడి రేడియో దుకాణంలోనే టంకం పెట్టాం. ప్రోగ్రాములో ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. రోజూ మధ్యాహ్నం మూడూ ఇరవై అయిదుకు పనంతా దానంతటదే సేవ్ అవుతుంది. ఎందుకు పెట్టానో తట్టలేదు.

"యాది లేదారా? మీ బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు ఇడ్వకముందే మెయిన్ బంద్ చేస్తుండె గదా!" అన్నాడు ఖాజా.

బాపు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. నా బల్ల మీద తొడుగు లేని తీగ కనిపిస్తే కరెంటు ఆపాల్సిందే. నా పని ఎన్నిసార్లు పోయిందో!

"ఇగ ఆ లైను తీసెయ్‌రా. ఇప్పుడెవ్వలు బంద్ చేస్తరు?" అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. బాపు పోయి నాలుగేళ్ళు.

తీసేయలేదు. కారణం అన్నచోట 'బాపు వచ్చే వేళ' అని రాశాను. చదివినవాళ్ళు నవ్వుతారేమో. కానీ ఎక్కడో ఎవరో దీన్ని తయారు చేసుకుంటే, వాళ్ళింట్లోనూ మూడూ ఇరవై అయిదుకు అది అన్నీ సర్దుకుని, బాపు కోసం కూర్చుంటుంది.