సాగర్ కనబడే చుక్క

జనగామ,
జూన్ 1981

గూడూరులో ఉన్న చిన్నమ్మకు, ప్రేమలత నమస్కరించి రాస్తున్నది.

ఒక ప్రశ్న నన్ను ఏళ్లుగా వదలడం లేదు. గడిచిపోయిన రోజు ఎక్కడికి పోతుంది? కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను గానీ, ఈ మాట పిల్లలెవరూ అడగరు. పరీక్షలో రాదు కదా. నీ ఉత్తరం చదివాక అది మళ్లీ నన్ను పట్టుకుంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఊరేగింపుకని పోయిన నీ కొడుకు సాగర్ తిరిగి రాలేదు. పన్నెండేళ్లు నిండాయి కాబట్టి దర్భతో బొమ్మ చేసి, కాల్చి, దినాలు జరిపిద్దామని నీ మరిది నర్సయ్య చిన్నాయిన అంటున్నాడని రాశావు. అది జరిగితేనే ఆయన కూతురి లగ్గానికి ముహూర్తం పెడతానని అయ్యగారు పట్టుబట్టాడట. "సదువుకున్నదానివి, నీ శాస్త్రమేమంటది" అని అడిగావు.

చావు గురించి నా శాస్త్రం ఏమీ అనదు. వెలుతురు గురించి ఒక మాట అంటుంది. మన దగ్గరి వెలుతురు కొన్ని చుక్కలకు చేరడానికి పన్నెండేళ్లు పడుతుంది. అక్కడ ఎవరైనా ఉండి, వాళ్లకు మహా గొప్ప కళ్లు కూడా ఉంటే, వాళ్లకు ఇవాళ కనిపించేది అరవై తొమ్మిదే. మన సాగర్ సైకిలెక్కి అప్పుడే వాకిలి దాటుతుంటాడు.

నీ అక్క బిడ్డ,
ప్రేమలత

తా.క.: ఇది నీ మనసు కోసం రాసిన మాట. అయ్యగారికి చూపించకు.


గూడూరు

బిడ్డ ప్రేమలతకు చిన్నమ్మ రుక్మిణి దీవెనలు. నేను చెప్తుంటే కోడలు సునంద రాస్తున్నది.

నీ ఉత్తరం అయ్యగారికి సూపెట్టిన. "నా కొడుకు గా చుక్క మీదోళ్లకు ఇయ్యాల గూడ కనబడుతుండట. కనబడే మనిషికి దినాలెట్ల జేస్తవు? వాళ్లు సూస్తే నవ్వరా?" అన్న. ఆయన పంచాంగం తిప్పి తిప్పి, గా చుక్క పేరేంది అన్నడు. జర పేరు రాసి పంపు. నర్సయ్యకు కోపమొచ్చి, "వదినా, నా బిడ్డ లగ్గం గూడ గా చుక్క మీదోళ్లే చేస్తరా?" అన్నడు.

ఇంకో మాట. గా పొద్దు సాగర్ తినకుండ పోయిండు. సద్ది కట్టిస్తనంటే ఇనలేదు. తొవ్వల ఏడనన్న ఆగి ఇంత తిన్నడా? వాళ్లకు కనబడ్తది గద. ఓ కార్డు రాసి అడుగు. జవాబు కార్డు గూడ జత చెయ్యి, వాళ్లకెందుకు ఖర్చు.

మీ చిన్నమ్మ

తా.క.: వదినా, అత్తమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్న. చుక్క దాకా కార్డు పోతదా అని పోస్టాఫీసుల అడిగి రమ్మన్నది. అడిగిన. పోస్టుమాస్టరు నన్ను కూసోబెట్టి మంచినీళ్లు ఇచ్చిండు. — సునంద


జనగామ

చిన్నమ్మకు నమస్కారాలు.

నన్ను పెద్ద చిక్కులో పెట్టావు. ఆ చుక్క దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో లోకంలో ఎవరికీ తెలియదు. కార్డు వెలుతురంత వేగంగా పోయినా పన్నెండేళ్లు. జవాబుకు మరో పన్నెండు.

కొందరు శాస్త్రజ్ఞులు ఇంకో రకంగా ఊహిస్తారు. కాలం పారేది కాదట, రోడ్డులాగా పరుచుకుని ఉంటుందట. మన బస్సు నర్సంపేట దాటినంత మాత్రాన నర్సంపేట లేకుండా పోదు. అట్లాగే అరవై తొమ్మిది కూడా ఉన్నచోటే ఉంటుందని వాళ్ల ఊహ. రుజువేమీ లేదు. నువ్వు నమ్ముతావా అంటే, ఒకరోజు నమ్ముతాను, మర్నాడు నమ్మను. దీని మీద భరోసా పెట్టుకోకు. సునంద గాజులు పగలగొడతారని తలుచుకుంటే నాకూ మనసొప్పడం లేదు. అయినా దినాల మాట పెద్దలు చెప్పినట్టు కానివ్వు.

ప్రేమలత

తా.క.: చుక్కకు పేరుంది గానీ చెప్పను. చెబితే అయ్యగారు దానికి శాంతి చేయిస్తాడు.


గూడూరు

బిడ్డా,

ఇరువై నాలుగేండ్లు పడ్తదంటవు. అట్లయితే ఇయ్యాలనే రాయాలె గద, ఇంక ఆలిశమేంది?

నర్సంపేట ఉన్నదున్నట్టే ఉంటే, ఎనుకకు బస్సు ఎందుకు లేదు? పోయిన బస్సు మల్ల రాకుంట ఉంటదా? గిది ఏ డిపోల పద్ధతి? అయ్యగారిని అడిగితే శాస్త్రంల లేదన్నడు. నువ్వు రుజువు లేదంటివి. మీ ఇద్దరిది ఒక్కటే బడా ఏంది?

శ్రావణంల దినాలు చేసి తీర్త అని నర్సయ్య దర్భ కోపిచ్చి అరుగు మీద ఏయించిండు. నేను పోయి దాని మీద కూసున్న. లేవలే. నా కొడుకు ఉన్నట్టే లెక్క అని జల్ది ఒక కాయిదం రాసి పంపు. కాలేజీ ముద్ర కొట్టి పంపు.

మీ చిన్నమ్మ

తా.క.: వదినా, దర్భ మీద కూసునుడు పుణ్యమేనట. అందుకే అయ్యగారు ఏమనలేక వాకిట్ల నిలబడ్డడు. — సునంద


జనగామ,
ఆగస్టు 1981

చిన్నమ్మకు, సునందకు.

ఈ ఉత్తరం ఇద్దరూ ఒకచోట కూర్చుని వినండి. సునందా, ఒక్క మాట కూడా దాటేయకుండా పైకి చదువు.

నిన్న ఒకే టపాలో రెండు కవర్లు వచ్చాయి. ఒకటి చిన్నమ్మ పోస్టుమాస్టరు చేత రాయించింది.

"బిడ్డా, సాగర్ పోలీసు కాల్పులల్ల పోయిండని నాకెరుకే. ఊరేగింపుల పక్కనున్న దోస్తు సేవ్యా అప్పుడే వచ్చి చెప్పిండు. సునందకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న. పిల్ల ఆశ మీద బతుకుతున్నది. దినాలైతే దాని గాజులు పలగ్గొడ్తరు. చుక్క మాట ఉత్తదని మల్ల రాయకు."

రెండోది సునంద రాసుకున్నది.

"వదినా, ఆయన లేడని నాకు తెలుసు. సేవ్యా చెప్పిండు. అత్తమ్మకు తెల్వనీయొద్దని ఒట్టు వేయించుకున్న. నాకు ఈ గాజులు ఎప్పుడో బరువైనయి. ఆమె ముంగట తీయలేక వేసుకుంటున్న. చుక్క మాట విన్నకాన్నుంచి రెండు ముద్దలు ఎక్కువ తింటున్నది. అది ఉత్తదని మల్ల రాయకు."

ఇన్నేళ్లూ ఒక పొయ్యి మీద వండుకుని తిన్నారు. ఒకరికి కనబడకుండా ఒకరు ఏడ్చారు. సేవ్యా పాపం, ఇద్దరికిచ్చిన మాటా నిలబెట్టాడు. నేను మాత్రం ఇద్దరి మాటా తప్పుతున్నాను. ఒకరి నిజాన్ని ఇంకొకరి దగ్గర దాచి ఉత్తరాలు రాయడం నావల్ల కాలేదు.

వెలుతురు పోతున్న మాట నిజం. అంతకుమించి నాకేమీ తెలియదు. ఆ పొద్దు సాగర్ ఏమన్నా తిన్నాడా అన్నది సేవ్యాను పిలిచి అడగండి. మీరు ఒకరి కోసం ఒకరు అతని నోరు కట్టేశారు.

దర్భ సంగతి మీరిద్దరూ మాట్లాడుకోండి. గాజులు ఉంచుకోవడమో తీయడమో సునంద ఇష్టం, అయ్యగారిది కాదు.

మీ ఇద్దరికీ ఉన్న ఒక్క ఆసరాను లాగేస్తున్నానేమోనని పోస్టుడబ్బా దాకా పోయి తిరిగి వచ్చాను. మీకు తెలియడం మంచిదో, తెలియకపోవడమే మంచిదో నాకు తేలలేదు. తేలకుండానే దీన్ని పోస్టు చేస్తున్నాను.

మీ
ప్రేమలత