ఎవరూ ముట్టని కంప్యూటర్

మహబూబ్‌నగర్,
ఆగస్టు, 1999.

శ్రీవారికి అరుణ నమస్కరించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ ఇద్దరం క్షేమమే. పూణె వానలకు మీ దగ్గు మళ్లీ తిరగబెట్టలేదని తలుస్తాను. సైటులో తడిసిన బట్టలతోనే ఉండకండి.

మీ ఉత్తరం అందింది. "మధ్యాహ్నం బూత్ నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తుతలేరు. అమ్మ ఇంట్లనే ఉంటది గదా. నువ్వు ఎటు పోతున్నవు, నా దగ్గర ఏం దాస్తున్నవు?" అని అడిగారు. ఆ చివరి మాట మళ్లీ మళ్లీ చదివాను. ఆ వేళకు నేను బస్టాండు దగ్గరున్న గుర్వయ్య ప్రెస్‌కు, ఇంట్లో టైపు చేసిన ప్రూఫులు ఇచ్చి రావడానికి పోతాను. ఇంకెక్కడికీ పోను. అత్తమ్మ ఎదురుగా నిలబడి అడిగితే "ఫోనేం రాలే" అన్నది. దాంతో నాకు మీమీదే అనుమానం వచ్చింది. చేయని ఫోన్లకు నన్ను నిలదీస్తున్నారేమో అనుకున్నాను.

కంప్యూటర్ ఎట్లుందని కూడా అడిగారు. అదే పెద్ద తలనొప్పి అయింది. మళ్లీ మొదటినుంచి అన్నీ తెరవనక్కర లేకుండా, చేస్తున్న పనిని అట్లాగే ఉంచి, దాన్ని స్లీప్‌లో, అంటే తెర ఆరి నిద్రపోయేట్టు పెట్టి ప్రెస్‌కు పోతాను. వచ్చేసరికి తెర వెలుగుతూ, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కొన్నిసార్లు బిగుసుకుపోయి, ఏ మీట నొక్కినా కదలదు. ఆపి మళ్లీ వేస్తే టైపు చేసిందంతా పోతుంది. ఒక శుభలేఖ మ్యాటరు అట్లాగే పోయి గుర్వయ్యతో మాట పడ్డాను.

రిపేరు చేసే మెహమూద్‌ను పిలిపించాను. అంతా చూసి, "మెషిన్ మంచిగనే ఉందక్కా. మౌస్ కదిలినా, మీట తగిలినా లేస్తది. ఎవరో ముడుతున్నరు" అన్నాడు. మర్నాడు మౌసు, కీబోర్డు రెండూ తీసి బీరువాలో పెట్టి తాళం వేసి పోయాను. అయినా వచ్చేసరికి తెర వెలుగుతూనే ఉంది. ఇక మిగిలింది ముందున్న బటన్ ఒక్కటే. అది నొక్కాలంటే మనిషి చేయి కావాలి. ఇంట్లో ఉన్నది అత్తమ్మ.

ఇప్పటిదాకా రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. కోపం పట్టలేక, "నా పని చెడగొడితే నీకేమొస్తదత్తమ్మా? నీ కొడుకుకు నామీద లేనిపోనివి చెప్పేది గూడ నువ్వేనా?" అన్నాను. ఆమె నా మొహంకేసి చూసి, "నేను దాని దిక్కే పోలే బిడ్డా" అన్నది. అంతే. తెల్లారి రెండు చీరలు సంచిలో పెట్టుకుని మోత్కూర్‌లో మీ అక్క సత్తమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

ఆమె పోయాక ఒకరోజు కంప్యూటర్‌ను నిద్రలో పెట్టి, దాని ఎదురుగానే కూర్చుని బెండకాయలు కోస్తున్నాను. ఫోన్ మోగింది. ఆ మోతతోపాటే ఫ్యాను గుర్రుమంది, తెర వెలిగింది. కత్తి పక్కన పెట్టి ఫోన్ ఎత్తాను.

ఫోన్ సత్తమ్మ వదినెది. "అరుణా, అమ్మనేమన్నవు? వచ్చిన కాడికెల్లి సక్కగ తింటలేదు, మాట్లాడతలేదు."

మెహమూద్‌ను మళ్లీ పిలిపించాను. ఇంటర్నెట్ కోసం ఫోన్ వైరు కంప్యూటర్ లోపలికి పోతుంది కదా, ఫోన్ వస్తే లేవమని లోపల సెట్టింగు ఉందట. "నేనే చూస్కోలే అక్కా" అని దాన్ని తీసేశాడు. ఇప్పుడది లేపేదాకా లేవడం లేదు.

అంటే మీరు నిజంగానే ఫోన్ చేశారు. చేసినప్పుడల్లా కంప్యూటర్ లేచింది. మరి ఎప్పుడూ ఫోన్ పక్కనే మంచం మీద కూర్చునే మనిషి ఫోనే రాలేదని ఎందుకన్నది?

నార్కట్‌పల్లిలో బస్సు మారి మోత్కూర్ పోయాను. అత్తమ్మ వాకిట్లో బియ్యం ఏరుతున్నది. వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచినా తిరగలేదు. ముందుకు పోయి కాళ్ల దగ్గర కూర్చున్నాక ఉలిక్కిపడింది.

"ఎప్పటిసంది వినపడతలేదత్తమ్మా?"

చాటలో బియ్యాన్ని ఒక పక్కకు నెట్టింది. "ఎండకాలం కాడికెల్లి. మొకం చూస్తే జర తెలుస్తది. వాడికి చెప్పకు. వినపడదని తెలిస్తే ఫోన్ కాడికి నన్ను పిలవమనడు. నాకు వాని మాట వినపడకున్నా, నా మాట వానికి వినపడతది గదా."

క్షమించమని అడిగాను. నా తల మీద చేయి వేసింది. ఆ సాయంత్రం నాతో బయలుదేరింది. నిన్న దవాఖానకు తీసుకుపోయాను. కుడి చెవికి మిషన్ పెడితే కొంత వినపడవచ్చన్నారు.

చెప్పవద్దన్నది మీకు చెప్పేశాను. మీకు తెలుసని ఆమెకు తెలియనివ్వకండి. ఆదివారం మీరు చేసినప్పుడు ఆమె ఫోన్ అందుకుంటే ఏమీ అడగకండి. చెప్పాలనుకున్నదంతా చెప్పనివ్వండి. ఆమె పెట్టేదాకా మీరు పెట్టకండి.

ఇట్లు,
ఆమె పక్కనే కూర్చుని రాస్తున్న మీ భార్య,
అరుణ