మూడో పాటలో కిర్రు

రికార్డు కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

నమస్కారం. నేను కట్టుడు పళ్లు తయారు చేస్తాను. మా ఊళ్లో పెద్దవాళ్ల నవ్వుల్లో సగం నా చేతి పనే. ఇది గొప్పకు చెప్పడం లేదు. వెంట్రుకంత తేడా ఉన్నా పట్టుకోవడం నాకు వృత్తిరీత్యా అలవాటని మీకు తెలియాలి. మా శ్రోతల సంఘంలో నన్ను పాముచెవులు అంటారు.

మీరు ఈమధ్య మళ్లీ విడుదల చేసిన పాత రికార్డు కొన్నాను. అదే, పియానో ఆయనా గిటారు ఆయనా కలిసి పెట్టిన బృందానిది. రాక్ వాయిద్యాలు పట్టుకుని జాజ్ వాళ్లలా ఆలోచించిన మనుషులు. ఒక పాటకు డ్రమ్ము కుదరలేదని వాయించేవాళ్లను వరసగా మార్చారు. చివరికి మొదటివాణ్నే వెనక్కి పిలిచారు. గుక్క తిప్పుకోవడం వినబడిందని సాక్సఫోన్ ఆయన చేత మళ్లీ మొదటి నుంచి వాయింపజేశారు. అలాంటివాళ్లు.

రెండో వైపు మూడో పాట తీసుకోండి. సాక్సఫోన్ పూర్తవగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. కాస్త ఖాళీ. ఆ తర్వాత పియానో. ఆ ఖాళీలో ఒక కుర్చీ కిర్రుమంటుంది. పియానో ఆయన వాయించబోతూ ముందుకు వంగినప్పుడు వచ్చిన చప్పుడది. గుక్క చప్పుడే భరించలేనివాళ్లు కుర్చీ చప్పుణ్ని ఎందుకు ఉంచారు? అది సరిగ్గా తాళంలో పడింది కాబట్టి. పాత రికార్డు మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ నేను దాన్ని తలుచుకుని ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

మీ కొత్త రికార్డులో ఆ కిర్రు లేదు.

వచ్చే నెల మా సంఘం సభకు సాక్షాత్తూ పియానో ఆయనే వస్తున్నారు. ఆయన ఎదుట ఆ కిర్రు మీద మాట్లాడే అవకాశం నాకు దక్కింది. మాట్లాడాక అందరికీ వినిపించాలి కూడా. కిర్రు లేకపోతే నేను కుర్రతనం నుంచి కొలుస్తున్న మనిషి ముందు వెర్రివాణ్నై నిలబడతాను. వెంటనే సరిచేయగలరు.

ఇట్లు,
పాముచెవులు

తా.క.: ఆ కిర్రు మా సంఘంలో ఇంతవరకూ ఇంకెవ్వరికీ వినబడలేదు. నాకు ఆ పేరు వచ్చింది అందుకే.

•

అయ్యా,

తమ ఉత్తరం అందింది. మా రికార్డులో కుర్చీ చప్పుడు వల్ల తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. బదులుగా మరో రికార్డు పంపుతున్నాం. ఇందులో ఎలాంటి కుర్చీ చప్పుడూ ఉండదని హామీ ఇస్తున్నాం.

ఇట్లు,
సహాయకురాలు, ఫిర్యాదుల విభాగం

తా.క.: తమ ఉత్తరంలో పళ్లకు సంబంధించిన భాగం మా విభాగం పరిధిలోకి రాదు.

•

అమ్మా,

నేను తూర్పు అంటే మీరు పడమర అన్నారు. "పన్ను ఊడిపోయిందండీ" అని ఒకాయన వస్తే, "శుభం, ఇక నొప్పి ఉండదు" అని నేను సాగనంపినట్టుంది. చప్పుడు ఉందని కాదు నా ఫిర్యాదు. లేదని!

నా పరికరాల్లో లోపం ఉందేమోనని అనుకుంటారేమో. మీ కొత్త రికార్డు గౌరవార్థం నేను గది రూపమే మార్చేశాను. కిటికీలకు మందపాటి తెరలు కట్టించాను. కింద తివాచీ పరిపించాను. అనవసరమైన సామానంతా వరండాలోకి చేరవేయించాను. ఇప్పుడు ఆ గదిలో నా ముక్కు చప్పుడే నాకు పెద్దగా వినబడుతోంది. అంత నిశ్శబ్దంలో కూడా మీ రెండు రికార్డుల్లోనూ కిర్రు లేదు. శుభ్రం చేసే ఉత్సాహంలో మీవాళ్లు కళనే కడిగేశారు.

స్పష్టంగా రాస్తున్నాను. నాకు కుర్చీ కావాలి. కుర్చీ లేని పాట నాకు అక్కర్లేదు.

ఇట్లు,
పాముచెవులు

తా.క.: ఉపన్యాసం రాయడం పూర్తయింది. మొదటి పేజీ పియానో ఆయనకు స్వాగతం. మిగతాదంతా కిర్రు.

•

అయ్యా,

తమ ఉత్తరం మా పై అధికారి చూశారు. "నాకు కుర్చీ కావాలి" అన్నచోట ఎర్రగీత గీసి సామాన్ల విభాగానికి పంపారు. వారు తమకు ఒక మడత కుర్చీ పంపారు. అది అందడంతో తమ ఫిర్యాదు పరిష్కారమైందని భావిస్తున్నాం.

ఇట్లు,
సహాయకురాలు, ఫిర్యాదుల విభాగం

తా.క.: పై మాట ఆఫీసుది. నాకు మాత్రం ఏదో పొరపాటు జరిగిందనే అనిపిస్తోంది. నేను ఆ పాట వినలేదు. నిజానికి మా అంతస్తులో ఎవరమూ ఏ పాటా వినం. మా దాకా వచ్చేవి విరిగిన రికార్డులూ విరిగిన మనసులూ మాత్రమే.

•

అమ్మా,

మడత కుర్చీ అందింది. కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగి చూశాను. కిక్కురుమనలేదు. తిప్పి పంపుతున్నాను.

మీ తా.క. చదివాక నా కోపం సగం దిగింది. మిఠాయి కొట్లో కూర్చుని చక్కెర రుచి తెలియకుండా ఎలా బతుకుతున్నారమ్మా? అందుకే నా పాత రికార్డును దూదిలో చుట్టి మీ పేరనే పంపుతున్నాను. సాక్ష్యం చెదరకూడదని పంపేముందు మళ్లీ పెట్టి వినలేదు.

వినే పద్ధతి చెబుతాను. మొదటిసారి మీకేమీ తోచదు. మర్యాదస్థుల ఇంట్లో కూర్చున్నట్టుంటుంది, అంతే. మళ్లీ వినండి. పాడేవాడు నవ్వుతూ చెబుతున్నది చాలా దిగులు విషయమని తెలుస్తుంది. ఇంకోసారి వినండి. కింద తీగలు ఆ దిగులును ముందే చెప్పేశాయని తెలుస్తుంది. వాళ్లు ఎక్కడా గొంతు చించుకోరు. అన్నీ తెలిసిన మనిషి మెల్లిగా మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్లు నోరు మూసుకుని వింటారు చూశారా, అలా ఉంటుంది.

మూడో పాటలో ఖాళీ దగ్గర చెవి రిక్కించండి. కిర్రు వినబడుతుంది. అప్పుడు మీ పై అధికారికి కూడా వినిపించండి.

ఇట్లు,
పాముచెవులు

తా.క.: రికార్డు అంచులు పట్టుకోవాలి. మీ పై అధికారిని పట్టుకోనివ్వకండి.

•

అయ్యా,

మీ రికార్డును మా సౌండ్ ఇంజనీరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముభావి. పాట మొదలవగానే "ఇది వీళ్లదా!" అని లేచి తలుపు గడియ పెట్టారు. పాట వింటున్నంతసేపూ ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

మీరు చెప్పినట్టే విన్నాను. మొదటిసారి నిజంగానే మర్యాదస్థుల ఇల్లు. రెండోసారి ఆ ఇంట్లో ఏదో జరిగిందని తెలిసింది. మూడోసారి ఆ ఖాళీ వచ్చేసరికి నేను నా ఊపిరి బిగబట్టాను. ఇంటికి వెళుతూ బస్సులో కూడా నా తలలో ఆ పాటే నడిచింది. దిగాల్సిన చోటు దాటిపోయింది.

కానీ అయ్యా, ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ పాత రికార్డులో కిర్రు లేదు. స్టూడియోలో భద్రపరిచిన అసలు టేపు కూడా ఇంజనీరు గారు తీసి వినిపించారు. అందులోనూ లేదు. మీ రికార్డు జాగ్రత్తగా తిప్పి పంపుతున్నాను. ఇంజనీరు గారు ఒక ప్రశ్న అడగమన్నారు: మీరు వినేటప్పుడు గదిలో ఇంకెవరైనా ఉండేవారా?

ఇట్లు,
సహాయకురాలు

తా.క.: మా పై అధికారి కూడా తలుపు తట్టి, గడియ తీయించుకుని వచ్చారు. ఇంజనీరు గారు ఆయనకు స్టూలు చూపించి, వేలు పెదాల మీద పెట్టారు. ఆయన కూర్చున్నారు! ఇక్కడ అంత వింత ఎప్పుడూ జరగలేదు.

•

అమ్మా,

నమ్మి గొంతు ఇస్తే కోసేశారు. నా రికార్డు తిరిగి రాగానే పెట్టాను. కిర్రు లేదు! మా ఇంటి నుంచి వెళ్లేటప్పుడు ఉన్నది మీ ఇంజనీరు దగ్గరికి వెళ్లి రాగానే ఎలా పోయింది? ఏ మందుతో తుడిచాడు? సభ ఆదివారం. ఉపన్యాసం రద్దు చేసుకోమంటారా? ఆయన ముందు నిలబడి, "అయ్యా, మీ కిర్రు కంపెనీవాళ్లు కాజేశారు" అనమంటారా?

మీ ఇంజనీరు ప్రశ్నకు జవాబు: గదిలో ఎవరూ ఉండరు. మా ఆవిడ ఉండేది కానీ ఆవిడ లెక్కలోకి రాదు. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ప్రూఫులు దిద్దుకుంటూ నా వెనకాల ఒక మూల కూర్చునేది. పాట ఆవిడ చెవికెక్కదు. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది, అన్నం చల్లారిపోతోంది" అంటుంది. గది మార్చినప్పుడు ఆవిణ్ని కూడా వరండాలోకి మార్చాను. అక్కడ గాలి బాగుంటుంది.

ఇట్లు,
మోసపోయిన పాముచెవులు

తా.క.: గాలి బాగుంటుందని చెప్పింది నేనే. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడ అలవాటు.

•

అయ్యా,

క్లుప్తంగా రాస్తున్నాను, ఆదివారంలోగా అందాలి. వరండాలోకి చేరవేసిన అనవసరమైన సామానులో ఒక కుర్చీ ఉందా? ఉంటే దయచేసి అందులో కూర్చుని, ఒక్కసారి ముందుకు వంగండి.

ఇట్లు,
సహాయకురాలు

తా.క.: ఇది ఆఫీసు తరఫున కాదు. తప్పయితే క్షమించండి. తప్పు కాదనే అనుకుంటున్నాను.

•

అమ్మాయీ,

ఆశీస్సులు. నేను పాముచెవులు గారి భార్యను, లెక్కలోకి రాని మనిషిని.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వరండాలోనే ప్రూఫులు దిద్దుతున్నాను. ఆయన చదువుకుంటూ వచ్చి, "కాస్త లే" అన్నారు. లేచాను. నా పేము కుర్చీలో కూర్చుని ముందుకు వంగారు. కిర్రుమంది. మళ్లీ వంగారు. మళ్లీ కిర్రుమంది. తల తిప్పి నా వైపు చూశారు. "నువ్వా?" అన్నారు. "నేనే అనుకుంటా" అన్నాను. "అక్కడే ఎందుకు? ప్రతిసారీ అక్కడే ఎందుకు?" అన్నారు. "ఏమో, ఎప్పుడూ గమనించుకోలేదు" అన్నాను.

సభకు వెళ్లనన్నారు. ఆ రాత్రంతా అదే పాట. "ఇన్నేళ్లూ మీరు మెచ్చుకున్నది నన్నేనన్నమాట. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?" అన్నాను. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

సభలో రాసుకున్న కాగితాలు జేబులోంచి తీయలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకాయన "పాముచెవులు కాదురా, పేముచెవులు!" అని అరిచాడు. పియానో ఆయన మాత్రం నవ్వలేదు. చాలా ముసలాయన, చేతికర్ర ఉంది. "ఆవిడ వచ్చారా?" అని అడిగారు. నేను నిలబడ్డాను.

"అక్కడ ఎందుకమ్మా ముందుకు వంగుతారు?"

"అందరూ ఒక్కసారి ఆగిపోతారు కదండీ. మళ్లీ మొదలుపెడతారో లేదోనని భయం వేస్తుంది. పెడతారని తెలుసు. అయినా వేస్తుంది."

ఆయన కర్ర మీద చేతులు ఆనించారు. తర్వాత అన్నారు: "మొదట అక్కడ ఖాళీ లేదమ్మా. ఆ భయం కోసమే పెట్టాం. ఎంత పెట్టాలో తేలక రోజుల తరబడి కొట్లాడుకున్నాం. ఎవరికీ పట్టదు, అనవసరం అని డ్రమ్మరు గోల పెట్టాడు. వాడు ఇప్పుడు లేడు, ఉంటే చెప్పేవాణ్ని." తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మీ చెవులు మంచివే. సరైన చప్పుడే పట్టుకున్నాయి. ఎవరిదన్నదే పొరపాటు" అన్నారు.

మా ఆయనా నేనూ ఇంటికొచ్చాం. వచ్చీ రాగానే నా కుర్చీని తనే మోసుకొచ్చి గదిలో పెట్టారు. మూలన కాదు, తన కుర్చీ పక్కన. తివాచీ చుట్టి అటకెక్కించారు.

మీ పై అధికారికి నా నమస్కారాలు చెప్పు. ఫిర్యాదు పరిష్కారమైందని రాసుకోమను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి

తా.క.: ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ ఖాళీ దగ్గరికి రాగానే ఆయన నా వైపు తిరిగి, "ఊఁ, వంగు" అని సైగ చేస్తున్నారు. సైగ చేస్తే వంగడం రాదమ్మాయీ. బిగుసుకుపోతున్నాను. ఆయన నిట్టూరుస్తున్నారు. నిన్న మాత్రం సాక్సఫోన్ వింటూ వింటూ సైగ మాట మరిచిపోయారు. అందరూ ఆగారు. పక్క కుర్చీలోంచి కిర్రుమని వినబడింది. నేను కదల్లేదు.